బరంపురం వేషాల కొట్టు: బడి నాటకానికి ఏది తెచ్చుకోవాలి, ఏది వదిలేయాలి

బరంపురం బడా బజార్ సందుల్లో ఉన్న ఒక వేషాల కొట్టు మీద ఈ సమీక్ష. కింద ముడిసరుకు అమ్ముతారు: గుడ్డ, జరీ అంచులు, ఫోమ్ షీట్లు, థర్మోకోల్, జిగుళ్లు, రంగులు, పూసలు. మేడ మీద అద్దె సరుకు: రాజుల డ్రెస్సులు, కిరీటాలు, గదలు, విగ్గులు, బొమ్మలేసిన తెరలు. రెండేళ్లకోసారి నెల పొడుగునా ఠాకురాణీ యాత్ర జరిగే ఊరు ఇది. మొక్కుకున్నవాళ్లు వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. అందుకే ఈ సామానుకి ఇక్కడ కరువు లేదు. వార్షికోత్సవాల ముందు ఛత్రపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు నుంచి టీచర్లు కూడా ఇక్కడికే వస్తారు. "పోషాక్" అన్నా "డ్రెస్సు" అన్నా కౌంటర్లో అర్థమవుతుంది. తెలుగులోనే బేరమాడొచ్చు.

ముందే చెప్పేస్తాం. ఆటపాటలతో నడిచే నాటకానికి సెట్లు, సామాను, డ్రెస్సులు పిల్లలే గీసి, కోసి, కుట్టి తయారు చేస్తున్నారంటే ఈ కొట్టు కింది భాగం బంగారం. మేడ మీది సరుకులో ముప్పాతిక వంతు వాళ్లకి అక్కర్లేదు.

అందరికీ తెలిసిన కథే ఉదాహరణకి తీసుకుందాం. రాజు, ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఎండని చేప, అడ్డొచ్చిన గడ్డిమేటు, మేయని ఆవు, దాన్ని మేపని పాలేరు, బువ్వ పెట్టని అవ్వ, ఏడ్చిన పిల్లాడు, కుట్టిన చీమ. ఒక్కొక్కరికీ ఒక ప్రశ్న, ఒక జవాబు, ఒక పాట. బడిలో ఆడించడానికి ఇంతకంటే అనువైన కథ దొరకదు. 8, 9 తరగతుల పిల్లలకి ఇందులో కావలసినంత పని ఉంది: కోట గోడ, గడ్డిమేటు, బంగారు చీమలపుట్ట, ఏడు చేపల డ్రెస్సులు, కిరీటాలు, కర్రలు, బుట్టలు.

కొట్లో మొదట చూపించేది తెరలు. కోట, అడవి, గుడి బొమ్మలేసిన పెద్ద తెరలు చుట్టలు చుట్టి ఉంటాయి. అద్దె తక్కువే. కానీ ఇప్పుడు ఇస్తున్నవి ఎక్కువగా ఫ్లెక్స్ మీద అచ్చేసినవి. లైటు పడగానే మెరుస్తాయి, చుట్ట మడతలు అలల్లా కనిపిస్తాయి, వెనక ఫ్యాను తిరిగితే కోట ఊగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలు నెలరోజులు కూర్చుని గీసుకున్న రంగులకీ ఆ తెరకీ పొత్తు కుదరదు. పాతవాటిలో గుడ్డ మీద చేత్తో వేసిన తెరలు ఒకటి రెండు ఇంకా ఉన్నాయి. అడిగితే దించి చూపిస్తారు. 1885లో మొదలైన సురభి వాళ్ల నాటకాలు చూసినవాళ్లకి చేత్తో వేసిన తెరకి ఎంత బలం ఉంటుందో తెలుసు. అద్దెకి కాకపోయినా ఆ పాత తెరలు పిల్లలకి ఒకసారి చూపించండి. దూరం నుంచి చూస్తే లోతు కనిపించడానికి దూరపు కొండకి నీలం బూడిద రంగు ఎలా కలిపారో, స్తంభం గుండ్రంగా కనిపించడానికి ఒక పక్కే నీడ ఎలా పెట్టారో దగ్గర నిలబడితే బోధపడుతుంది.

తెర వద్దనుకుంటే గుడ్డ బిగించిన కర్ర చట్రాలు కట్టుకోవాలి. దానికి కావలసిన గుడ్డ ఈ కొట్లో దొరికేవాటిలో మేలైన సరుకు. రంగు వేయని నూలు గాడా (ముతక) గుడ్డ తీసుకోండి. 4 అడుగుల వెడల్పు చట్రానికి రెండు పక్కలా మడతకి 3 అంగుళాల చొప్పున కలిపితే 54 అంగుళాలు కావాలి. కాబట్టి పెద్ద పన్నా అడగండి. చిన్న పన్నా కొంటే నడిమధ్య కుట్టు వస్తుంది, లైటు పక్క నుంచి పడితే ఆ కుట్టు గీతలా తేలుతుంది. "కాటనే" అని ఇచ్చేదాంట్లో అప్పుడప్పుడు పాలియెస్టర్ కలిసి ఉంటుంది. ఒక పోగు లాగి పెద్దవాళ్లెవరైనా అగ్గిపుల్లతో కాల్చి చూడాలి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలియెస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ఈ పరీక్షకి కొట్టువాళ్లు అడ్డు చెప్పరు, అది వాళ్ల మంచితనం. ఎందుకింత పట్టింపంటే, నూలు గుడ్డ తడి తగిలితే ముడుచుకుని బిగుసుకుంటుంది. చట్రం పనంతా ఆ గుణం మీదే నడుస్తుంది.

4 అడుగులు, 8 అడుగుల చట్రానికి 3 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం ఉన్న రీపర్లు చాలు. పైనా కిందా వేసేవి 4 అడుగులవి 2, నిలువుకి 7 అడుగుల 6 అంగుళాలవి 2, నడుమ అడ్డానికి 3 అడుగుల 6 అంగుళాలది 1. మొత్తం ఇరవై ఆరున్నర అడుగుల కర్ర. కింది అడ్డకర్ర పూర్తి వెడల్పు ఉండి నిలువు కర్రలు దాని మీద కూర్చోవాలి. తలకిందులుగా చేసి నిలువు కర్రని నేలకి ఆనించారంటే, పిల్లలు వేదిక మీద ఈడ్చినప్పుడల్లా దాని కొస చీలుతుంది. మూలలకి 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ త్రికోణం ముక్కలు వెనక నుంచి బిగించాలి, అంచుకి ఒక అంగుళం లోపలికి జరిపి. ఆ జాగా వదలకపోతే రెండు చట్రాల్ని మూలలా నిలబెట్టినప్పుడు ప్లైవుడ్ అడ్డొచ్చి సందు పడుతుంది, సందులోంచి వెనక ఉన్న పిల్లలు కనిపిస్తారు. స్క్రూలు బిగించే ముందు మూల నుంచి ఎదురు మూలకి రెండు వైపులా కొలవండి. రెండూ 8 అడుగుల 11 అంగుళాల పైచిలుకు, సమానంగా రావాలి. అర అంగుళం తేడా ఉన్నా నాలుగు చట్రాలు పక్కపక్కన పెట్టేసరికి గోడ వంకర తేలిపోతుంది.

రీపర్లు ఈ కొట్లో అమ్మరు. అడిగితే పక్క కలపడిపో నుంచి తెప్పిస్తామంటారు. ఒప్పుకోకండి. వచ్చేది పచ్చి కర్ర, వారంలో అరటికాయలా వంగుతుంది. మీరే వెళ్లి, ఒక్కో రీపరూ కంటికి ఆనించి పొడుగునా చూసి తీసుకోండి.

గుడ్డ అంటించేటప్పుడు అందరూ చేసే తప్పు, డప్పులా బిగించి లాగడం. తర్వాత గంజి పట్టించగానే గుడ్డ ముడుచుకుని చట్రాన్నే మెలితిప్పుతుంది. నడుమ అరచెయ్యి పెట్టి నొక్కితే కొంచెం దిగేంత వదులుంచాలి. తెల్ల జిగురు చుట్టూ ఉన్న నాలుగు కర్రలకే రాయాలి, నడుమ అడ్డానికి రాయకూడదు. రాస్తే అక్కడ గుడ్డ పట్టేసి గాడి పడుతుంది. ఆరాక పల్చటి గంజి కానీ, ఒక వంతు తెల్ల జిగురుకి పది వంతుల నీళ్లు కలిపి కానీ గుడ్డంతా పట్టించండి. తెల్లారేసరికి డప్పులా బిగుస్తుంది. దాని మీద డిస్టెంపర్. కౌంటర్లో మెరిసే ఎనామెల్ చూపిస్తారు, వద్దనండి. మెరిసే రంగు లైటుని ప్రేక్షకుల కళ్లలోకే తిప్పి కొడుతుంది. పైగా ఆరడానికి రోజులు పడుతుంది, గదంతా కంపు. డిస్టెంపర్ డబ్బా ఒకటి, రంగు సీసాలు ఐదారు ఉంటే కావలసిన ఛాయలన్నీ పిల్లలే కలుపుకుంటారు. తడిగా ఉన్నప్పటి కంటే ఆరాక రంగు బాగా తేలిపోతుంది కనుక ముందు ఒక ముక్క మీద వేసి ఆరబెట్టి చూడాలి. ఏ ఛాయలో ఎన్ని చెంచాలు కలిపారో గోడ మీద రాసి పెట్టించండి. రెండో రోజు అదే రంగు మళ్లీ కలపలేక ఏడుపు మొహాలు పెడతారు.

చట్రం నిలబడడానికి వెనక ఒక ఏటవాలు కర్ర, దాని కాలి మీద ఇసుక మూట. కర్రని చట్రం ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర, అంటే 5 అడుగుల పైన బిగించాలి. నడుముకి బిగిస్తే పాటకి గెంతే పిల్లల అదురుకి పైభాగం ఊగుతుంది.

కొట్టువాళ్లు సింహాసనం, దాని కింది తివాచీ కలిపి అద్దెకిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. మోయడానికి నలుగురు పెద్దవాళ్లు కావాలి, పాటకీ పాటకీ మధ్య దాన్ని తీయడం పిల్లల వల్ల కాదు. రాజు హోదా చూపించాలంటే ఎత్తు చాలు. గంజాం ప్రహ్లాద నాటకంలో మెట్లుమెట్లుగా కట్టిన వేదిక ఉంటుంది కదా, హిరణ్యకశిపుడు దాని మీద ఎక్కుతూ దిగుతూ ఉంటే కుర్చీ లేకుండానే రాజసం కనిపిస్తుంది. మూడు మెట్లు కట్టుకోండి, ఒక్కోటి 6 అంగుళాల ఎత్తు. మూడూ ఒకే ఎత్తులో ఉండాలి. అలవాటైన లెక్కలో పడే కాలు అర అంగుళం తేడాకే తొట్రుపడుతుంది. పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద అడుగున్నరకో అడ్డకర్ర.

గడ్డిమేటు, చీమలపుట్ట సంగతి. గడ్డిమేటుకి నిజం గడ్డి తేవద్దు. దుమ్ముకి పాడే పిల్లల గొంతు పట్టుకుంటుంది, నిప్పు భయం సరేసరి. వెదురు బద్దలతో గొడుగులా కట్టి, గోనె పట్టా చుట్టి, దాని మీద పీచు కుట్టుకోండి. పీచు ఈ కొట్లో కట్టలుగా దొరుకుతుంది. పసుపు రంగు వేసిందే కాకుండా మామూలుది కూడా కొని కలపండి, ఒకే రంగైతే బొమ్మలా ఉంటుంది. గోనెకీ పీచుకీ పెద్దవాళ్లు చేతి తొడుగులు వేసుకుని 2 లీటర్ల వేడినీళ్లలో 200 గ్రాముల వెలిగారం, 85 గ్రాముల బోరిక్ యాసిడ్ పొడి కరిగించి తడిపి ఆరబెడితే మంట అంత త్వరగా పట్టదు. నీళ్లు తగిలితే ఈ మందు పోతుంది, మళ్లీ తడపాలి.

పుట్టకి థర్మోకోల్ అంటగడతారు. థర్మోకోల్ తేలిక, నిజమే. కానీ దానికి అదే కౌంటర్లో ఇచ్చే రబ్బరు సొల్యూషన్ రాస్తే కళ్లముందే గుంటలు పడి కరిగిపోతుంది. స్ప్రే రంగు కొట్టినా అంతే. థర్మోకోల్‌కి తెల్ల జిగురు, నీటి రంగులే వాడాలి. ఈ సంగతి కొట్టువాళ్లు చెప్పరు, అడిగితే తప్ప. వేడి తీగతో కోస్తే వచ్చే పొగ మంచిది కాదు కనుక ఆ పని పెద్దవాళ్లు ఆరుబయట చేయాలి.

ఇంతకంటే కాగితపు పుట్ట మేలు. వెదురు బద్దల మీద మైదా గంజితో కాగితం ముక్కలు ఐదు పొరలు. ఈ ప్రాంతంలో పిల్లలకి ఒక సౌకర్యం ఉంది: మొదటి పొర ఒడియా పేపరు, రెండోది తెలుగు పేపరు, మళ్లీ ఒడియా. కింది లిపి ఎక్కడ కనిపిస్తే అక్కడ పై పొర పడలేదని లెక్క. ఐదు పొరలూ సమానంగా వచ్చాయో లేదో ఎవర్నీ అడగక్కర్లేదు. ముక్కలు కత్తెరతో కాకుండా చేత్తో చింపాలి, చిరుగు అంచు కిందిదాంట్లో కలిసిపోతుంది. సముద్రపు గాలి తగిలే ఊరు, రోజుకి రెండు పొరలకి మించి వేస్తే లోపల తడి ఉండిపోయి బూజు పడుతుంది. పురుగు పట్టకుండా పోస్టర్ల గంజిలో మైలతుత్తం కలుపుతారు, కొట్లోనూ అదే సలహా ఇస్తారు. అది విషం. పిల్లలు చేతులు పెట్టే గంజిలో కలపొద్దు.

ఏడు చేపల దగ్గరికి వస్తే ఈ కొట్టు అసలు విలువ తెలుస్తుంది. ఈవీఏ ఫోమ్ షీట్లు 2, 5, 10 మిల్లీమీటర్ల మందాల్లో పెడతారు. పొలుసులకి 2, మొప్పలకీ తోకకీ 5, ఆకారం నిలబెట్టడానికి 10. పొలుసులు తోక నుంచి తల వైపు అంటించుకుంటూ రావాలి, ఇంటి పెంకుల్లా. పై నుంచి మొదలుపెడితే కింది వరస పై వరస మీదికెక్కి తిరగబడిన చేపలా ఉంటుంది. అంటించడానికి రబ్బరు సొల్యూషన్ రెండు పక్కలా పల్చగా రాసి, వేలికి అంటుకోకుండా జిగటగా తగిలేదాకా 5 నుంచి 10 నిమిషాలు ఆగి, అప్పుడు నొక్కాలి. తడి మీద నొక్కితే పట్టదు. ఒకసారి పట్టాక మళ్లీ రాదు కనుక ముందే పెన్సిల్ గీత గీసుకోవాలి. కిటికీలు తెరిచిన గదిలోనే ఈ పని. రంగు వేసే ముందు తెల్ల జిగురుకి సమానంగా నీళ్లు కలిపి మూడు పూతలు వేయకపోతే ఫోమ్ రంగుని పీల్చేస్తుంది, చేప వంగినప్పుడల్లా పెచ్చులు లేస్తాయి. తళుకు పూసిన ఫోమ్ వైపు పిల్లల చెయ్యి పోతుంది, ఆపండి. ఆ తళుకు రాలి వేదికంతా జారుడవుతుంది. మెరుపు కావాలంటే ఎండని చేపకి ఒక్కదానికే, పొలుసుల కొసలకి వెండి రంగు పొడి కుంచెతో అద్దితే తడి మెరుపు సరిగ్గా వస్తుంది.

గ్లూ గన్ మాత్రం ఇక్కడ కొనకండి. పెట్టేది 7 మిల్లీమీటర్ల కడ్డీలు పట్టే చిన్న 20 వాట్ల రకం. అలంకారాలకి సరిపోతుంది, చేప తోకకి చాలదు. జిగురు బయటికి రావడానికి పట్టే టైములో మొదట పెట్టింది చల్లారిపోతుంది. 11 మిల్లీమీటర్ల కడ్డీలు పట్టే 60 వాట్లదో అంతకు పైదో వేరే చోట తీసుకోండి. కరిగిన జిగురు వేలు మీద పడితే తుడవకూడదు, వెంటనే చల్లటి నీళ్లలో పెట్టాలి. వేడి జిగురుతో అంటించినవి మధ్యాహ్నం ఎండలో మూసిన వ్యాన్‌లో ఉంచితే మెత్తబడి ఊడతాయి. పర్లాకిమిడి దాకా తీసుకెళ్లేవాళ్లు భారం పడే అతుకులన్నీ సొల్యూషన్‌తోనో కుట్టుతోనో పెట్టుకోవాలి.

కిరీటాలు మేడ మీద వరసగా మెరుస్తూ ఉంటాయి, పిల్లలు చూడగానే పడిపోతారు. ఒకటి చేతిలోకి తీసుకుని తిరగేసి లోపల చూడండి. అట్ట, దాని చుట్టూ ఇనుప తీగ, తీగ కొస కట్ చేసిన చోట గుడ్డ పట్టీ ఊడి ఉంటుంది. ఆ కొస నుదుటికి గుచ్చుకుంటుంది. పక్కల నుంచి దిగే చెవి ముక్కలు చెవుల్ని పూర్తిగా కప్పేస్తాయి. పాడే పిల్లలకి ట్రాక్ వినపడకపోతే తాళం తప్పుతుంది. దాన్ని వాళ్ల తప్పనుకుంటాం. పెద్దవాళ్ల తల కొలత కావడం వల్ల వెనక దూది కుక్కి పెడతారు, గెంతగానే ముందుకి జారుతుంది. 5 మిల్లీమీటర్ల ఫోమ్‌తో పిల్లలే చేసుకుంటే తల చుట్టుకొలతకి ఒక సెంటీమీటరు కలిపి పట్టీ, లోపల స్పాంజి, చెవులు బయటికి. పై అలంకారానికి ఇదే కొట్లో సోలా బెండు పూలు, ముక్కలు దొరుకుతాయి. ఒడిస్సీ తలకట్టుకి వాడే బెండు అదే, మన పెళ్లి బాసికాలకి వాడేదీ అదే. ఊదితే ఎగిరిపోయేంత తేలిక, పదునైన కత్తికి వెన్నలా తెగుతుంది. బంగారు రంగు వేయకుండా తెల్లగా ఉంచినా దూరానికి దంతంలా కనిపిస్తుంది. కిరీటం మీది అలంకారం పని ఆసాంతం ఈ బెండుతో చేయించండి, పిల్లల చేతిలో ఎంత నాజూకు ఉందో అప్పుడు బయటపడుతుంది.

అద్దెకి తీసుకోదగ్గవి విగ్గులు, గడ్డాలు, నగలు, రాజకుమారుల అంగరఖాలు. ఇవి చేయడానికి బడికి టైము ఉండదు. అంగరఖా తొడిగించి చూడకుండా తేవద్దు. ఛాతీ కొలతకి 4 అంగుళాలు వదులుండాలి. చేతులు పైకెత్తించండి, చంక కుట్టు అక్కడే తెలిసిపోతుంది. వడ్డాణం బిగించి పాటలో పొడుగు చరణం ఒకటి పాడించండి. ఊపిరి అందకపోతే రెండు వేళ్లు పట్టేంత వదులు చేయాలి. త్వరగా మార్చుకోవాల్సిన డ్రెస్సుకి వెల్‌క్రో ఉంటే తీసేసి పెద్ద ప్రెస్ బటన్లు కుట్టండి, ఆ చీరిన చప్పుడు కాలర్ మైకులో హాలంతా వినిపిస్తుంది. మైకు పక్కన జరీ అంచు ఉంటే గరగర తప్పదు. ఇక వేదిక లైటు: పచ్చ లైటు కింద ఎర్ర డ్రెస్సు నల్లగా మారుతుంది. అద్దె ఖాయం చేసుకునే ముందు ఫోన్ టార్చికి రంగు కాగితం చుట్టి వేసి చూడండి, రెండు నిమిషాల పని.

మేకప్ సామాను ఇక్కడ విడి పొడులుగా అమ్ముతారు. వద్దు. పాతకాలం వాళ్లు మొహానికి పూసుకున్న అర్దళంలో ఆర్సెనిక్ ఉంటుంది, ముద్ద సిందూరంలో సీసం ఉండొచ్చు. పేరూ తయారీ తేదీ ఉన్న పెట్టె సరుకే కొని, ముందురోజు మోచేతి లోపల రాసి చూడాలి.

కొట్టువాళ్ల నడవడిక మంచిదే, మాట మెత్తన. లెక్క దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. అద్దె తీసుకెళ్లిన సాయంత్రం నుంచా, నాటకం రోజు నుంచా అనేది రసీదు మీదే రాయించుకోండి. నోటిమాటగా చెప్పింది తిరిగిచ్చేటప్పుడు మారుతుంది. రేట్లు డిసెంబరులో ఒకలా, యాత్ర ఉన్న ఏడాది ఇంకోలా ఉంటాయి కనుక ఇక్కడ రాయడం లేదు. యాత్ర అయిన ఏడాది సరుకు బాగా నలిగి ఉంటుంది, అప్పుడు ఇంకా ముందే వెళ్లాలి. ముడిసరుకుకి ఆరు వారాల ముందు, అద్దె సరుకుకి రెండు వారాల ముందు. తీసుకునేటప్పుడు ప్రతి నగనీ, ఊడిన రాయినీ, చిరిగిన చంకనీ ఫోన్‌లో ఫొటో తీసి కొట్టు యజమానికి అక్కడే చూపించండి. తిరిగిచ్చే రోజు అవే ఫొటోలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టి అప్పగిస్తే డిపాజిట్ కోత లేకుండా చేతికొస్తుంది. చేపలు, కిరీటాలు, చట్రాలు బడిలోనే ఉంటాయి. చట్రాల గుడ్డ మీద వచ్చే ఏడాది మళ్లీ డిస్టెంపర్ వేసుకోవచ్చు. నాలుగైదు పూతల దాకా తట్టుకుంటుంది, ఆ తర్వాత రంగు పొలుసులుగా రాలడం మొదలైతే గుడ్డ మార్చాలి, కర్ర అదే.